అడిగి మూసిన కిటికీ

"అడక్కుండా మూసేసుంటే నోరు మూసుకునేదాన్ని. అడిగి మరీ మూశారు. అదీ నా మంట," అంది అత్తగారు. ఈ ముక్క ఆవిడ అనడం పొద్దుట్నించీ ఎన్నోసారో ఎవరూ లెక్కపెట్టడం లేదు.

వంటింటి వెనక గోడలో మొన్నటిదాకా కిటికీ ఉన్నచోట ఇప్పుడు తడి ఆరని సిమెంటుతో ఇటుకల చదరం ఒకటి ఉంది. దాని మీదికి అలమర రావాలి. ఆ కిటికీ పక్కన పీట వేసుకుని కూరలు తరుగుతూ వెనక సందులోకి చూడడం అత్తగారి అలవాటు. సందులో చూడ్డానికేముందని ఎవరైనా అంటే, "మనుషులున్నారు, చాలదా?" అనేది. గోడ లేచిన రోజే ఆవిడ పీట, కత్తి, కూరల బుట్ట ఎత్తుకొచ్చి వీధి గుమ్మంలో మకాం పెట్టింది. అప్పట్నించీ ఇంట్లోకి రావాలన్నా, పోవాలన్నా ఆవిడ మోకాళ్ళు దాటుకునే.

"అడిగాం కదమ్మా," అన్నాడు కొడుకు. బస్సు డిపోలో మెకానిక్కు. డ్యూటీకి టైమవుతోంది, మోకాళ్ళు దాటడానికి మొహం చెల్లక గుమ్మం లోపలే నిలబడ్డాడు. "నువ్వు వద్దన్నావు. విన్నాం."

"విని?"

"విని... ఆలోచించాం."

"ఆలోచించి?"

అతను చేతిలో టీ గ్లాసు వంక చూసుకున్నాడు. "అలమరకి అదొక్కటే గోడమ్మా."

అరుగు మీద బూట్లు తుడుచుకుంటున్న చిన్న కొడుకు కిసుక్కున నవ్వాడు. అతనికి బజార్లో చెప్పుల షాపు ఉంది, నోటికి తాళం లేదు. "అన్నయ్యా, ఒప్పేసుకో. బస్సు ఇంజను విప్పితే మళ్ళీ బిగించొచ్చు. అమ్మని విప్పావంటే ఇంక అంతే."

"నువ్వు నోర్ముయ్," అంది అత్తగారు. తర్వాత పెద్దకొడుకు వంక తిరిగి, "మీ నాన్న ఉన్నన్నాళ్ళు ఈ ఇంట్లో నన్ను ఉల్మ అడిగి తప్పినవాడు లేడు," అంది.

సంచీ సర్దుకుంటున్న కోడలి చెయ్యి ఉల్మ అన్న ఆ కొండ మాట దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఎందుకాగిందో ఆమెకే తెలియలేదు. బస్సు గుర్తొచ్చి, చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, "అత్తయ్యా, ఒక్కసారి," అంటూ మోకాళ్ళు దాటేసింది.

ఆమెని వీధిలో అందరూ వార్తలమ్మ అంటారు. రేడియోలో రోజూ మధ్యాహ్నం కొండ మాటలో వార్తలు చదివేది ఆమే. వీళ్ళు కొండవాళ్ళు. పేపర్లు మూలవాసులు అంటాయి. ఆమె పుట్టిల్లు ఇప్పటికీ కొండ మీదే. అత్తవారు రెండు తరాల కిందటే పట్నం చేరారు. ఇంట్లో మాట్లాడేది పట్నం భాషే అయినా, కోపమొచ్చినప్పుడూ పసిపిల్లల్ని ముద్దు చేసేటప్పుడూ మాత్రం కొండ మాట పొంగుకొస్తుంది.

స్టేషన్లో ఆమె పని రెండు భాగాలు. ముందు పట్నం భాషలో వచ్చిన వార్తల్ని కొండ మాటలోకి తిప్పుకోవాలి. ఆ తర్వాత స్టూడియోలోకి వెళ్ళి చదవాలి. దళసరి తలుపు, గోడలకి మెత్తటి గుడ్డ, కాగితం చప్పుడు కాకుండా బల్ల మీద దుప్పటి. లోపలికి వెళ్ళేముందు చేతి గడియారం తీసి సంచిలో పడేస్తుంది. ఆ మైకు చెవి పాము చెవి, టిక్కు టిక్కు కూడా పట్టేస్తుంది. ఎర్రదీపం వెలిగితే చదవడం, ఆరితే ఊపిరి పీల్చుకోవడం.

కొన్నాళ్ళుగా వార్తలన్నీ ఒకటే గొడవ. పెద్ద సభలో మూలవాసులకి సొంతంగా కొన్ని సీట్లుండాలని బిల్లు వచ్చింది. ఓటున్న సీట్లు. అందరితో సమానంగా చెయ్యెత్తి అవుననో కాదనో అనగల సీట్లు. సర్కారేమో, అంతెందుకు, మీకోసం ఒక సలహా మండలి వేస్తాం, మీ సంగతులన్నీ మిమ్మల్నే అడుగుతాం అంది. సభ తేల్చాల్సిన రోజు దగ్గరికొచ్చింది. ఆ రోజుకి కొండలన్నీ కదిలి పెద్ద సభ ముందు నిలబడాలని పల్లెల్లో అనుకున్నారని కూడా ఆమే చదివింది.

మధ్యాహ్నం దీపం ఆరి బయటికి రాగానే డైరెక్టరు కబురు చేశాడు. మంచిమనిషే. అతని గదిలో ఎప్పుడూ రెండో కుర్చీ మీద పాత టేపులుంటాయి. ఇవాళ అవి తీసేసి ఉన్నాయి.

"కూర్చోండమ్మా. శుభవార్త. సలహా మండలిలో కొండ తరపున మీ పేరు అనుకుంటున్నారు పైన. మీ గొంతంటే మీవాళ్ళకి గురి కదా. మీరు సరేనంటే సభలో బిల్లు తేలేముందే ప్రకటిస్తారట."

ఆమెకి ముందు సంతోషమే కలిగింది, కాదనడానికి లేదు. ఆ తర్వాతే ప్రశ్న వచ్చింది.

"సార్, కొండ మీద ఏదన్నా పని మొదలెట్టేముందు మమ్మల్ని అడుగుతారు. మేం వద్దంటే?"

"నమోదు చేస్తారు."

"నమోదు చేసి?"

"పరిశీలిస్తారు."

"పరిశీలించి?"

డైరెక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, అసలంటూ ఒక తలుపు తెరుచుకుంటోంది కదా."

ఈ సంభాషణ పొద్దున్నే ఎక్కడో విన్నట్టుందే అనుకుంటూ ఆమె లేచింది. ఆలోచించుకుని చెప్తానంది.

సాయంత్రం ఆ కబురు చెప్పేసరికి ఇల్లు ఇల్లంతా గుమ్మం దగ్గరికి చేరింది. పెద్దావిడ అక్కణ్ణించి కదలదు కాబట్టి ఈమధ్య ఇంటి సభలన్నీ అక్కడే.

"ఇంకా ఆలోచించడమేంటి?" అన్నాడు భర్త. డిపో నుంచి వచ్చి చేతుల గ్రీజు కూడా పూర్తిగా వదల్లేదు. "మన వంశంలో ఎవడైనా ఆ పెద్ద సభ గేటు దాటాడా? ముందు కాలు పెట్టనియ్. కాలు పట్టినచోట తల పడుతుంది."

"తల పడుతుంది నాన్నా, నోరే పట్టదు," అంది కూతురు. ఆ పిల్ల ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. మనుషుల్ని కూడా అలాగే చూస్తుందని బాబాయి అంటాడు. "ఓటు లేని కుర్చీ ఎందుకు? పెళ్ళిలో ఫోటోకి నిలబెట్టినట్టు అమ్మని నిలబెడతారు. 'ఇదిగో, వాళ్ళావిడే ఒప్పుకుంది, ఇంక సీట్లెందుకు' అంటారు."

"ఉన్నదీ వద్దని, రానిదాని కోసం కూర్చుంటే గాల్లో దీపం పెట్టినట్టే. రేపు ఆ సీట్లూ రాక, ఈ మండలీ పోతే?" అన్నాడు భర్త.

"సీట్లు వచ్చినా ఏం ఒరుగుతుందిలే," అన్నాడు మరిది. "ఏ పార్టీవాడో తన మనిషికి కొండ టోపీ పెట్టి కూర్చోబెడతాడు. మా షాపుకొచ్చే పెద్దమనిషి ఒకాయన అంటాడూ, మీకు వేరే సీట్లెందుకయ్యా, అందరిలాగే నిలబడి గెలవండి అని."

"నువ్వేమన్నావు?" అంది వార్తలమ్మ.

"అయ్యా, మమ్మల్ని అన్ని నియోజకవర్గాల్లోనూ కూరలో ఉప్పులా చల్లేశారు, ఉప్పెక్కడైనా చెయ్యెత్తుతుందా అన్నా. ఆయన జోడు తీసుకోకుండా పోయాడు. వదినా, నీ రాజకీయం వల్ల నాకు బేరం పోయింది."

అందరూ నవ్వారు. భర్త కూడా నవ్వాడు గానీ, నవ్వాక అతని మొహంలో ఆశ అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో అతను ఏదీ ఇంతగా కోరుకోలేదని ఆమెకి తెలుసు. అత్తగారు మాత్రం చిక్కుళ్ళ ఈనెలు తీస్తూ కూర్చుంది.

అప్పుడే ఆమె పెద్దన్నయ్య ఫోను చేశాడు. కొండ మీద ఊళ్ళో పదిమందీ మాట వినేది ఆయనదే.

"చెల్లీ, నీ నోట చక్కెర పొయ్య!" అన్నాడు. "ప్రయాణం మానేశాం. ఊరికే అంత దూరం ఎందుకు?"

"ఏ ప్రయాణం?"

"అదే, పెద్ద సభ ముందుకి. సీట్ల కోసం. ఇంక సీట్లెందుకే, ఆ మెత్తటి కుర్చీల్లో నిద్రపోవడానికా? ఉల్మ సభ ఇస్తున్నారుగా! క్వారీవాడు మొన్న మళ్ళీ కొలతలకొచ్చాడు. 'నాయనా, ఇకమీదట మా ఉల్మ లేనిదే ఇక్కడ రాయి కదలదు' అన్నా. వాడు నవ్వాడు. ఎందుకు నవ్వాడో పిచ్చి వెధవ."

ఆమె గోడకి ఆనుకుంది. "ఉల్మ సభ అని నీకెవరు చెప్పారన్నయ్యా?"

"ఎవరేంటి! నువ్వే. రేడియోలో. రోజూ చెప్తున్నావుగా."

ఫోను పెట్టేశాక ఆమెకి అంతా వరసగా గుర్తొచ్చింది. ఆ వార్త మొదటిసారి వచ్చిన రోజు దీపం వెలిగే వేళకి ఇంకా 'సలహా మండలి' దగ్గరే ఆగిపోయి ఉంది. కొండ మాటలో సలహాకి మాట లేదు. ఎవరూ అడక్కుండా చెప్పరు. అడిగితే, చెప్పించుకున్న మాటకి ఉల్మ అని పేరు. వినడానికి బాగుంది, పొట్టిగా ఉంది, రాసేసింది. మర్నాడు మళ్ళీ అదే. మూడో రోజుకి అది కొండలన్నిటికీ పేరైపోయింది. ఉల్మ అడిగినవాడు ఆ ప్రకారం చెయ్యాలని, చెయ్యలేనివాడు అసలు అడగనే కూడదని తనకి తెలియక కాదు. పట్నంలో ఏళ్ళ తరబడి అందరూ అందర్నీ ఊరికే అడుగుతూ ఉంటే విని విని ఆ మాట పదును మొద్దుబారింది. చదివింది తను. నమ్మింది వాళ్ళు. అందులో ఒక్క అక్షరం సర్కారు చెప్పినది కాదు. తన గొంతు చెప్పినదే.

వెళ్ళి అత్తగారి పక్కన గుమ్మం మెట్టు మీద కూర్చుంది. బుట్టలోంచి ఒక గుప్పెడు చిక్కుళ్ళు తీసుకుంది.

"అత్తయ్యా, అడుగుతారు. చెప్పింది వింటారు. చెయ్యడం మానడం వాళ్ళిష్టం. దాన్ని మన మాటలో ఏమంటారు?"

"దానికి మన మాటలో పేరెందుకుంటుందే? మనవాళ్ళలో ఆ పని లేదు." పెద్దావిడ కాసేపు ఆలోచించింది. "చిన్నప్పుడు గుడ్డబొమ్మలతో ఆడేవాళ్ళం. 'ఏం తింటావే, ఎక్కడ పడుకుంటావే' అని అడిగేవాళ్ళం. మా ఇష్టమొచ్చినచోట పడుకోబెట్టేవాళ్ళం. బొమ్మనడగడం అనేది మా అమ్మ."

వార్తలమ్మకి నవ్వొచ్చింది. వెంటనే కళ్ళు చెమర్చాయి.

"అది వార్తల్లో చదివితే ఎగతాళి అవుతుందత్తయ్యా. ఎగతాళి చెయ్యడం నా పని కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి."

"ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి ఒక్క మాట చాలకపోతే పది మాటలు పెట్టు. మాటలకేమన్నా కరువా?" అంది అత్తగారు. "చిక్కుళ్ళు అలా తుంచకు. ఈనె రావాలి."

మర్నాడు మధ్యాహ్నం ఆమె గడియారం తీసి సంచిలో వేసింది. ఎర్రదీపం వెలిగింది. మొదట సవరణ చదివింది. వార్తలో తప్పు దొర్లితే ఆ వేళకే, ఆ గొంతుతోనే దిద్దాలన్నది స్టేషను పాత నియమం. వర్షం ఇక్కడ పడబోయి అక్కడ పడిందనో, మంత్రి రాకడ వాయిదా పడిందనో ఎన్నోసార్లు చదివింది. ఇవాళ అదే గొంతుతో చదివింది.

"ఇన్నాళ్ళూ ఈ వార్తల్లో ఉల్మ సభ అని వినిపించిన మాట తప్పు. ప్రభుత్వం వేస్తానన్నది, మనల్ని అడిగి, మనం చెప్పింది విని, చెయ్యడమో మానడమో తమ ఇష్టంగా ఉంచుకునే సభ. దానికి ఓటు లేదు. ఆ తప్పు వార్తల్ని మన మాటలోకి తిప్పినవారిది. ప్రభుత్వం ఉల్మ అనలేదు."

తర్వాత మిగతా వార్తలు చదివింది. సీట్లు కావాలన్నవాళ్ళు చెప్పినదీ వద్దన్నవాళ్ళు చెప్పినదీ ఎంతెంత ఉందో అంతంతే చదివింది. ఆ సభ పేరు వచ్చిన ప్రతిసారీ ఆ పొడుగు మాటలన్నీ పూర్తిగా చదివింది. చివరి వాతావరణ వార్తకి వేళ చాలలేదు.

డైరెక్టరు తలుపు దగ్గరే ఎదురయ్యాడు. "పైనుంచి అప్పుడే ఫోన్లమ్మా. మండలికి పేరు మార్చారట?"

"మార్చలేదు సార్. దిద్దాను. పొట్టి మాట తప్పయింది, పొడుగు మాట వాడాను."

"దీన్ని ప్రచారం అంటారు."

"నేను చదివినదాంట్లో మండలి గురించి అబద్ధం ఒక్కటుంటే చెప్పండి సార్. రేపు దాన్నీ దిద్దుతాను."

అతను గొంతు తగ్గించి, "లేదు," అన్నాడు. "కానీ ఈ రేడియో కుర్చీలో ఉండి సీట్లడిగేవాళ్ళ దారిన నడవడం కుదరదు. తెలుసుగా?"

"తెలుసు సార్," అంది ఆమె. స్టూడియోలోకి తిరిగి వెళ్ళి, బల్ల మీద దుప్పటి మడత సరిచేసి, దీపం ఆర్పి ఉందో లేదో చూసి వచ్చింది. ఆ పని ఇదివరకెప్పుడూ ఆమె చేసేది కాదు, అటెండరు చేసేవాడు.

సాయంత్రం బస్సులో ఉండగానే అన్నయ్య ఫోను వచ్చింది.

"ఊళ్ళో సగంమంది నిన్ను తిడుతున్నారు," అన్నాడు. "సగంమంది బట్టలు సర్దుకుంటున్నారు."

"నువ్వో?"

"నేను తిడుతూ సర్దుకుంటున్నా." తర్వాత, "ఆ క్వారీవాడు ఎందుకు నవ్వాడో ఇప్పుడు తెలిసిందే చెల్లీ," అన్నాడు. ఆ మాట తిట్టుకంటే గట్టిగా తగిలింది.

"నేనూ వస్తున్నానన్నయ్యా. సభ గేటు దగ్గర ఉంటాను," అంది. పక్క సీటావిడ ఆ గొంతు ఎక్కడో విన్నట్టుందే అని తలతిప్పి చూసింది.

ఇంటికొచ్చేసరికి అందరూ గుమ్మం దగ్గరే ఉన్నారు. మరిది చేతిలో చిన్న రేడియో. "వదినా, రైలంత పేరు పెట్టావు. ఆ సభవాళ్ళు బోర్డు రాయించుకోవాలంటే గోడ చాలదు," అన్నాడు. ఎవరూ గట్టిగా నవ్వలేదు. మధ్యాహ్నం జరిగిందాని బరువు అందరికీ తెలుసు. ఇంకా తెలియనిది ఆమె చెప్పాలి.

చెప్పులు విప్పింది. మెట్టు మీద నిలబడే, వార్తలు చదివే గొంతుతో కాకుండా వంటింట్లో మాట్లాడే గొంతుతో మెల్లగా చెప్పింది.

"ఆ మండలిలో నేను కూర్చోను. రేపు వాళ్ళకి చెప్పేస్తాను. రేడియో ఉద్యోగం కూడా వదిలేస్తున్నాను. అన్నయ్యావాళ్ళతో కలిసి సభ ముందు నిలబడతాను. ఓటున్న సీటు ఇస్తే దానికి పోటీ చేస్తాను. ఇవ్వకపోతే మామూలు సీటుకే చేస్తాను. ఓడిపోవచ్చు. మళ్ళీ చేస్తాను."

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మరిది రేడియో మీట తిప్పి ఆపేశాడు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

భర్త గోళ్ళలో గ్రీజు వంక చూసుకున్నాడు. నిన్న అతని మొహంలో ఉన్న ఆశ ఎటు పోవాలో తెలియక అక్కడక్కడే తచ్చాడుతోంది.

"ఇది మమ్మల్ని అడగడమా, చెప్పడమా?" అన్నాడు.

"చెప్పడమేనండీ," అంది ఆమె. "అడిగితే మీరు చెప్పినట్టు చెయ్యాలి. అలా చెయ్యలేనని నాకు తెలుసు. తెలిసి ఎలా అడగను?"

అతను తలెత్తి ముందు భార్య వంక, ఆ తర్వాత తల్లి వంక చూశాడు.

అత్తగారు కత్తి బుట్టలో పెట్టి, పీట కొంచెం పక్కకి జరిపి, గుమ్మంలో కోడలికి చోటిచ్చింది.